తల కదిపినవాడు

మూడో దెబ్బకే ఒన్నో తల పక్కకు జరిగింది.

జరిగింది అనడం కూడా ఎక్కువే. వెంట్రుకవాసి. ఎదుటివాడి కత్తి కణత మీదకు దిగుతుంటే మెడ తనంతట తానే ఎడమకు వాలింది, అంతే. కత్తి చెవి పైన చర్మాన్ని చీల్చుకుపోయింది. నెత్తురు వెచ్చగా మెడకు చుట్టిన కట్లలోకి దిగింది. "ఆపండి!" అని అరుస్తూ ఇరుపక్షాల సహాయకులూ తమ మొద్దు కత్తులు అడ్డం పెట్టి మధ్యలోకి దూకారు.

హాలు కిక్కిరిసి ఉంది. ఒక గోడ వెంట ఆకుపచ్చ టోపీలు, ఎదుటి గోడ వెంట నీలి టోపీలు. జూలై ఎండకు కిటికీలన్నీ తెరిచినా బీరూ, చెమటా, గాయాల మందూ కలిసిన వాసన పోవడం లేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఈల వెయ్యలేదు. అక్కడ అది మర్యాద కాదు. అందరూ చూసేది ఒక్కటే, నిలబడ్డవాడి మెడ.

ఆ పోరులో గెలుపూ ఓటమీ లేవు. కత్తి అందేంత దూరంలో ఎదురెదురుగా నిలబడాలి. పాదం కదపకూడదు. తల తిప్పకూడదు. ఆడితే చెయ్యి ఒక్కటే ఆడాలి. కళ్లకూ ముక్కుకూ ఇనుప జల్లెడ కడతారు, మెడకూ ఛాతీకీ దళసరి కవచాలు తొడుగుతారు. మిగిలిన నెత్తీ, చెంపలూ కత్తికి వదిలెయ్యాలి. కోత పడితే సిగ్గు లేదు. తప్పుకుంటేనే సిగ్గు.

పక్కగదిలో, ఆకుపచ్చ టోపీల విద్యార్థి సంఘంలో పాత సభ్యుడైన డాక్టరు, ఒన్నో తలను దీపం కిందకు లాగి సూది ఎక్కించాడు.

"మత్తు ఇంజెక్షను ఉందా, డాక్టరు గారూ?"

"ఉంది. నీకు కాదు."

సూది దిగిన ప్రతిసారీ ఒన్నో బల్ల అంచు పట్టుకుని పళ్లు బిగించాడు. గుమ్మంలో గేరియోన్ నిలబడి చూస్తున్నాడు. సంఘంలో కొత్తగా చేరినవాళ్లను నక్కలంటారు. ఒక్కో నక్కకూ ఒక్కో పెద్దన్న. ఒన్నోకు గేరియోన్. ఎడమ చెంప మీద రెండు పాత గాట్లు, నవ్వితే అవి కూడా నవ్వుతాయి. ఇప్పుడు నవ్వడం లేదు.

"కదిలావురా."

"నేను కదల్లేదన్నా. మెడే..."

"మెడ ఎవడిది? మా నాన్నదా?"

అంతలో సంఘం పెద్ద టిల్మన్ వచ్చి తీర్పు చెప్పాడు. ఈ పోరు లెక్కలోకి రాదు. పరువు కడుక్కోవడానికి మరో పోరు నిలబడాలి. నెలాఖరు శనివారం. అందులోనూ కదిలితే టోపీ ఇచ్చేసి, గది ఖాళీ చేసి వెళ్లిపోవాలి.

ఒన్నోకు కుట్ల నొప్పి ఒక్కసారిగా మాయమైంది. నెలాఖరు శనివారం అయ్యాక వచ్చే సోమవారమే క్రిమినల్ లా పరీక్ష. అతనికి అది ఆఖరి అవకాశం. ఫిబ్రవరిలో తప్పాడు. ఏప్రిల్లో జ్వరమని ఒకసారి వాయిదా తీసుకున్నాడు. అక్కడి నిబంధన ప్రకారం వాయిదా ఒక్కసారే. ఈసారి తప్పితే ఆ కాలేజీలో లా చదివే హక్కే పోతుంది.

*

ఒన్నోది ఉత్తర సముద్రం ఒడ్డున ఓ చిన్న రేవు. వాళ్ల అమ్మ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఇంట్లో అతనికి ముందు ఎవరూ కాలేజీ మెట్లెక్కలేదు. అక్టోబరులో పెట్టె పట్టుకుని హెస్సెన్ కొండల మధ్య ఆ పాత ఊళ్లో రైలు దిగినప్పుడు, స్టేషన్లో ఎదురొచ్చి పలకరించింది ఆకుపచ్చ టోపీలే. "లా చదవడానికొచ్చావా తమ్ముడూ? గది దొరికిందా?" కోట కింద పెద్ద ఇల్లు, అటక మీద గది, వెనకటి విద్యార్థులు వదిలిన పుస్తకాలు. గోడల నిండా జడ్జీల, మంత్రుల ఫొటోలు, అందరి చెంపల మీదా గాట్లే. లాయర్లు ఇలాగే అవుతారు కాబోలు అనుకున్నాడు ఒన్నో. కాదని చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరున్నారు?

ఆ తర్వాత తెలిసింది. పొద్దున్నే కత్తి సాధన. మధ్యాహ్నం పెద్దలకు బల్ల సర్దడం. సాయంత్రం పాటలు, బీరు. మిగిలిన సమయంలో లా.

లైబ్రరీలో వాళ్ల చదువు బృందం కూర్చునే బల్ల కిటికీ దగ్గర. ఫ్రావ్కె అతన్ని చూడగానే పుస్తకం మూసింది. కాసెల్‌లో బస్సు డ్రైవరు కూతురు ఆమె. నోరు తెరిస్తే మొహమాటం ఉండదు.

"ఏంటా తల? ఎవరైనా గోనెసంచీ అనుకుని కుట్టారా?"

"మెల్లగా మాట్లాడు. లైబ్రరీ ఇది."

"నీకు లైబ్రరీ గుర్తుందా? మంచిది. అయితే ఇది చెప్పు. ఒకడు ఇంకొకడి మీదకు రాయి విసిరాడు. వాడు వంగాడు. వెనకున్నవాడికి తగిలి తల పగిలింది. విసిరినవాడి మీద ఏ నేరం?"

ఒన్నో కుట్లు తడుముకున్నాడు. "కొట్టాడు కదా. గాయపరచడం."

"ఎవరిని గాయపరచాలనుకున్నాడు? వెనకున్నవాణ్ణా?"

"...కాదు."

"మరి? మొన్న మంగళవారం అంతా దీని మీదే క్లాసు. నువ్వెక్కడున్నావు? గుడ్డిదెబ్బలు తింటూ."

"గుడ్డివి కాదు. చూసే తింటాం."

"ఓహో, చూసి తింటారా! చాలా గొప్పే." థర్మాస్‌లోంచి కాఫీ వంచి అతని ముందుకు తోసింది. "ఒరేయ్ ఒన్నో, ఆ ఇంట్లో నీ గది పోతే ఇంకో గది దొరుకుతుంది. ఈ పరీక్ష పోతే ఇంకో పరీక్ష లేదు. ఏది ముఖ్యమో నేను చెప్పాలా?"

"రెండూ చేస్తాను."

"చెయ్యి. చూస్తాను."

*

రెండూ చెయ్యడానికి గేరియోనే దారి కనిపెట్టాడు.

పొద్దున్నే నేలమాళిగలో ఒన్నోను తోలు టోపీతో గోడకు ఆనించి నిలబెట్టేవాడు. చేతిలో మొద్దు కత్తి. "చదువు, నక్కా. నేను కొడతాను. నువ్వు చెప్పు. తడబడితే మొదటి నుంచి."

"మొదట చూడవలసింది... చేసిన పని నేరం వర్ణనకు సరిపోతుందా..."

ధడ్. నెత్తి మీద.

"రెండోది... ఆ పనికి చట్టం ఒప్పుకునే కారణం ఏదైనా ఉందా..."

ధడ్. కుడి కణత.

"మూడోది... చేసినవాణ్ణి తప్పు పట్టవచ్చా..."

ధడ్. ధడ్.

మొదట్లో ప్రతి దెబ్బకూ మాట మధ్యలో విరిగిపోయేది. తోలు టోపీ లోపల కుట్లు తడిసి, నెత్తురు కనుబొమల మీదకు కారేది. ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, దెబ్బ పడితే గానీ తర్వాతి వాక్యం గుర్తుకు రాని స్థితి వచ్చింది. గేరియోన్ దాంతో తృప్తి పడలేదు. వంటింట్లో ఒన్నో బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే వెనక నుంచి వచ్చి గరిటెతో చెంప మీద కొట్టేవాడు. మెట్ల మలుపులో పిడికిలి ముక్కు దాకా తెచ్చి ఆపేవాడు. స్నానం చేసి వస్తుంటే తడి తువ్వాలుతో కళ్ల మీద చరిచేవాడు. ఒకసారి గరిటె అంచు తగిలి పెదవి చిట్లింది. నెత్తురు బంగాళాదుంపల మీద పడింది. వాటిని కడిగి వండేశారు.

"ఎందుకన్నా ఇంత?" అన్నాడు ఒన్నో, పెదవి నొక్కుకుంటూ.

"నేను నక్కగా ఉన్నప్పుడు మా అన్న నాకు కుర్చీ విసిరాడు. నేను కదల్లేదు. మనిషికీ గొడ్డుకీ తేడా అదే నక్కా. గొడ్డు బెదురుతుంది."

చివరి వారానికి ఒన్నో రెప్ప కూడా పడటం మానేసింది. గరిటె వస్తుంటే చూస్తూ నిలబడేవాడు. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఫోనులో అమ్మ "పరీక్షకు చదువుతున్నావా నాన్నా?" అని అడిగితే "పెద్దవాళ్లు చెప్పిస్తున్నారమ్మా" అన్నాడు. అబద్ధం కాదు.

*

శనివారం పొద్దున కత్తులు మళ్లీ లేచాయి.

నీలి టోపీల మనిషి ఈసారి పొడుగరి. మొదటి విడత నుంచే చెయ్యి కొరడాలా ఆడించాడు. ఉక్కు ఉక్కును కొట్టుకుంటుంటే ఆకాశంలోంచి ఇనుప రేకులు కురుస్తున్నట్టు ఉంది. ఒక దెబ్బ నెత్తి నడిమిన తెగింది. ఒన్నో నిలబడ్డాడు. ఒక దెబ్బ చెంప మీద దిగి, దవడ దాకా తోలు రెండుగా విచ్చుకుంది. నాలుక లోపలి నుంచి చెంపకు ఆనిస్తే గాలి తగిలినట్టయింది. నిలబడ్డాడు. నోట్లోకి ఉప్పగా చేరింది. మింగాడు. సహాయకుడు అతని చెయ్యి పట్టి కత్తి తుడిచి, "ఇంకా ఉంటావా?" అని అడిగాడు. తల ఊపకూడదు కదా, "ఉంటాను" అన్నాడు. ఆ మాటతో పాటు నెత్తురు గడ్డం మీద నుంచి కారింది.

ఎదుటివాడి నుదుటి మీద కూడా అతని కత్తి ఒక గీత గీసింది. ఆ సంగతి ఒన్నో గమనించనే లేదు.

చివరి విడత అయ్యాక టిల్మన్ వచ్చి, నీలి టోపీల పెద్దతో రెండు మాటలు గుసగుసలాడి, అందరికీ వినపడేలా అన్నాడు. "నిలబడ్డాడు. మచ్చ కడుక్కున్నాడు. రేపు సాయంత్రం పూర్తి సభ్యుడి పట్టీ వేస్తాం."

గేరియోన్ అతని మెడను వాటేసుకుని ఊపేశాడు. కుట్లు వేస్తున్న డాక్టరు విసుక్కున్నాడు. "ఆ తల వదలవయ్యా! ఇప్పుడే కుడుతున్నాను."

ఒన్నో నవ్వబోయాడు. చెంప ఒప్పుకోలేదు. మనసులో మాత్రం లెక్క తేలిపోయింది. ఇక రెండు రోజులు పుస్తకమే. ఫ్రావ్కెకు చూపిస్తాను, రెండూ చేశానని.

*

మధ్యాహ్నం గేరియోన్ పట్టుబట్టి అతన్ని నది ఒడ్డుకు తీసుకెళ్లాడు. "నమలలేవు, సరే. సూప్ తాగు. నక్కగా నీకిది ఆఖరి భోజనం." ఇద్దరి నెత్తిన ఆకుపచ్చ టోపీలు. ఒన్నో టోపీ కట్ల మీద ఎక్కి కూర్చున్నట్టు ఉంది.

వంతెన పక్కన సాసేజీల బండి దగ్గర ముగ్గురు మనుషులు తాగుతున్నారు. వాళ్లలో ఎర్ర చొక్కావాడు టోపీలు చూడగానే లేచాడు.

"ఓహో, దొరబిడ్డలు! ఒకరి మొహం ఒకరు కోసుకునే దొరబిడ్డలు!"

"సూప్ తీసుకో, పోదాం," అన్నాడు ఒన్నో.

గేరియోన్ ఆగాడు. "ఏంటన్నావు?"

"మీ అమ్మ కన్నది మంచి మొహమే, మీకే సరిపోలేదా అన్నాను."

"నీ మొహం నేను బాగు చేస్తానురా, తాగుబోతు వెధవా!" గేరియోన్ అతని చొక్కా పట్టుకుని బండి మీదకు తోశాడు. ఆవాల పచ్చడి గిన్నె బోర్లాపడింది. ఎర్ర చొక్కావాడు తిరిగి గేరియోన్ పొట్టలో మోకాలితో పొడిచాడు. గేరియోన్ వంగి లేచి, వాడి మూతి మీద గుద్దాడు. పన్నో ఏదో రాలింది. బండివాడు "పోలీసులను పిలుస్తా" అని అరుస్తున్నాడు. ఒన్నో వెనక నుంచి గేరియోన్ భుజం పట్టుకుని లాగుతున్నాడు. "అన్నా, వద్దు, పోదాం పద..."

ఎర్ర చొక్కావాడు బల్ల మీది బీరు సీసా మెడ పట్టుకుని పైకెత్తాడు.

ఒన్నోకు అన్నీ నిదానంగా కనపడ్డాయి. సీసా లేచింది. ఎండలో ఆకుపచ్చగా మెరిసింది. గేరియోన్ తలకు గురిగా దిగింది. గేరియోన్ వంగాడు. చటుక్కున, కప్పలా, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని నేలకు కుంగిపోయాడు. ఇప్పుడు సీసాకూ ఒన్నో మొహానికీ మధ్య ఏమీ లేదు. వస్తోంది. చూశాడు. తప్పుకోవడానికి కావలసినంత సమయం ఉంది.

మెడ కదల్లేదు.

సీసా కనుబొమ మీద పగిలింది. సగం లోకం ఎర్రగా, తర్వాత నల్లగా అయింది. మోకాళ్ల మీద పడ్డాక కూడా తల నిటారుగానే ఉంది.

*

ఆసుపత్రిలో కంటి డాక్టరమ్మ గాజు ముక్కలు ఒక్కొక్కటీ పళ్లెంలో వేసింది.

"ఎదురుగా వస్తుంటే చూశావా?"

"చూశానండీ."

"చేతులు కట్టేశారా?"

"లేదండీ."

ఆమె పట్టకారు ఆపి అతని వైపు చూసింది. "మరి ఎందుకు తప్పుకోలేదు బాబూ? చిన్నపిల్లాడు కూడా కళ్లు మూసుకుంటాడు."

ఇనుప జల్లెడ లేదని ఒన్నోకు అప్పుడే గుర్తొచ్చింది. హాల్లో కళ్లకు జల్లెడ ఉంటుంది. వీధిలో ఉండదు. కన్ను ఉంటుందన్నారు, చూపు సగమైనా వస్తుందో లేదో కట్టు విప్పాకే తెలుస్తుందన్నారు. రెండో కంటితో కూడా చదవవద్దన్నారు. చదివితే రెండూ కదులుతాయట.

ఫ్రావ్కె సాయంత్రం పుస్తకాల సంచీతో వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"పరీక్ష..." అన్నాడు ఒన్నో.

"వాయిదా అడుగుదాం."

"ఏప్రిల్లో వాడేశాను."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. బుగ్గలు తుడుచుకుని, పుస్తకం తెరిచింది. "సరే. నీ చెవులు పని చేస్తున్నాయి కదా? నేను చదువుతాను. నువ్వు విను. నిద్రపోతే ఆ మిగిలిన కన్ను నేను పొడుస్తాను." కాసేపు పేజీలు తిప్పింది. "రాయి విసిరినవాడు. గుర్తుందా? ముందున్నవాడు వంగాడు..."

"వెనకున్నవాణ్ణి నేనే."

"అవును." ఆమె పేజీ మీద వేలు పెట్టింది. "ముందున్నవాడి విషయంలో, కొట్టబోయి కొట్టలేకపోయాడు. అది ప్రయత్నం. వెనకున్నవాడి విషయంలో, అజాగ్రత్త. రెండూ విడివిడిగా చూడాలి. చెప్పు."

చెప్పాడు. ఈసారి ఎవరూ కొట్టలేదు. అందుకే గాబోలు మొదటిసారి తడబడ్డాడు.

*

ఆదివారం సాయంత్రం ఆసుపత్రి నుంచి సంఘం ఇంటికి వెళ్లవద్దంది ఫ్రావ్కె. పొద్దుటి నుంచి చదివి చదివి ఆమె గొంతు బొంగురుపోయింది. "పట్టీ వేయించుకుని వచ్చేస్తాను, ఒక గంట," అన్నాడు ఒన్నో. ఏడాదంతా దెబ్బలు తిన్నది దాని కోసమే కదా.

పొడుగాటి బల్ల చుట్టూ అందరూ లేచి నిలబడ్డారు. టిల్మన్ ఆకుపచ్చ పట్టీ అతని ఛాతీ మీద అడ్డంగా వేశాడు. తర్వాత గేరియోన్ గ్లాసు ఎత్తి కథ చెప్పాడు. "వాడు సీసా ఎత్తాడు. నేను పక్కనున్న ఇద్దరితో పెనుగులాడుతున్నాను. వాడి గురి మన ఒన్నో మీద. నేను అరిచాను, జాగ్రత్త అని. మన ఒన్నో ఏం చేశాడు? నిలబడ్డాడు! కన్ను పోయినా మెడ కదల్లేదు!"

బల్ల మీద గ్లాసులు దడదడలాడాయి. ఎవరో అతని వీపు చరిచారు. ఆ చరుపుకు కంటి లోపల నిప్పు రవ్వ కదిలింది.

"నువ్వే చెప్పరా," అన్నాడు టిల్మన్ ఆప్యాయంగా. "నీ నోటితో విందాం."

ఒన్నో గేరియోన్ వైపు చూశాడు. గేరియోన్ చెంప మీద గాట్లు నవ్వుతున్నాయి. కళ్లు నవ్వడం లేదు.

"సీసా నా మీదకు రాలేదు," అన్నాడు ఒన్నో. "అన్న మీదకు వచ్చింది. అన్న వంగాడు. వెనక నేనున్నాను. వంగడం తప్పు కాదు. నేనూ వంగాల్సింది."

టిల్మన్ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అబద్ధం!" గేరియోన్ బల్ల చుట్టి వచ్చాడు. కుర్చీ ఒకటి పడింది. "తిండి పెట్టాను, గది ఇప్పించాను, మనిషిని చేశాను నిన్ను! ఇంతమందిలో..." అతని పిడికిలి నేరుగా ఒన్నో మొహానికి, కట్టు ఉన్న వైపుకే వచ్చింది.

ఒన్నో వంగాడు.

ఎలా వంగాడో అతనికే తెలియదు. మోకాళ్లు వాటంతట అవే మడతపడ్డాయి. పిడికిలి నెత్తి మీద నుంచి దూసుకుపోయి వెనక ఓక్ తలుపు ఇనుప పట్టీకి తగిలింది. ఎముకలు విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. గేరియోన్ చెయ్యి పట్టుకుని అరుస్తూ గోడ వెంట జారిపోయాడు. తలుపు మీద నెత్తురు.

"కదిలాడు," అన్నారెవరో, నమ్మలేనట్టు.

"అవును, కదిలాను," అన్నాడు ఒన్నో లేస్తూ. ఏడుపో నవ్వో తెలియడం లేదు.

టిల్మన్ ముఖం రాయిలా అయింది. "కదిలినవాడికి ఈ ఇంట్లో గది లేదు."

"అలాగైతే రెండు గదులు ఖాళీ చేయించాలి." పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు. దాని అంచుకు చెంప కుట్ల నెత్తురు అంటింది. గోడల మీద గాట్ల మొహాలు చూస్తుండగా పుస్తకాలు మాత్రం తీసుకుని బయటికొచ్చాడు. ఆ రాత్రి, ఫ్రావ్కె అదే ఊళ్లో అద్దెకుంటున్న ఇంటి వంటింట్లో అతనికి పరుపు వేశారు.

*

సోమవారం ప్రశ్నలో రాయీ లేదు, సీసా లేదు. పక్కింటివాడి కుక్కను తన్ని కంచె విరగ్గొట్టిన ఒక ముసలాయన ఉన్నాడు. ఒన్నో ఒంటికన్నుతో కాగితానికి ముక్కు ఆనించి చదివాడు. అక్షరాలు ఈదుతున్నాయి. చెంప సలుపుతోంది. చేసిన పని వర్ణనకు సరిపోతుందా? నెత్తి మీద ధడ్ అన్నట్టయింది. చట్టం ఒప్పుకునే కారణం ఉందా? కణత. తప్పు పట్టవచ్చా? ఒక్కో దెబ్బ గుర్తు చేసుకుంటూ ఒక్కో పేరా రాశాడు. గేరియోన్ కొట్టినవన్నీ అక్కడ పనికొచ్చాయి. అది తలుచుకుంటే ఒళ్లు మండింది. అయినా రాశాడు. కట్టు కింద నుంచి కారిన తడి కాగితం మూల మీద పడితే, చొక్కా చేతితో అద్ది మళ్లీ రాశాడు.

ఫలితాలు వచ్చిన రోజు కారిడార్‌లో అంటించిన కాగితం దగ్గర గుంపు. ఒన్నో దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎడమ కంటి కట్టు విప్పారు గానీ అందులో వెలుతురు తప్ప ఆకారాలు లేవు. ఫ్రావ్కె మోచేతులతో దారి చేసుకుని వెళ్లి వచ్చింది. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు.

"నాలుగు."

పద్దెనిమిదికి నాలుగు వస్తే పాస్. ఒకటి తగ్గినా లేదు.

"నాలుగేనా?" అన్నాడు. గోడ మీద నుంచి కిందకు జారాడు.

"నాలుగు చాలురా మొద్దూ! నాలుగు చాలు!" ఆమె సంతోషం పట్టలేక అతని భుజం మీద చరచడానికి చెయ్యి ఎత్తింది.

ఒన్నో చటుక్కున తల దాచుకున్నాడు.

ఎత్తిన చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది. ఆమె మెల్లగా దాన్ని దించి, అతని పక్కనే నేల మీద కూర్చుంది.

"కొట్టబోలేదురా," అంది.

"తెలుసు," అన్నాడు ఒన్నో, రెండు చేతులూ ఇంకా నెత్తి మీదే ఉంచుకుని. "కాసేపు ఇలా ఉండనీ."